గోడ కోసం అచ్చేసిన పేజీలు

1964 జనవరి 1న బీబీసీ టీవీలో ‘టాప్ ఆఫ్ ది పాప్స్’ మొదలైంది. ఆ వారం బాగా అమ్ముడుపోయిన పాటలేవో చెబుతూ, వాటిని పాడినవాళ్లనే తెచ్చి చూపించే కార్యక్రమం అది. సరిగ్గా పది రోజులకు, జనవరి 11న, స్కాట్లండ్‌లోని డండీ నగరానికి చెందిన డి.సి. థామ్సన్ సంస్థ ‘జాకీ’ అనే వారపత్రికను బజారులోకి తెచ్చింది. వెల 6 పెన్నీలు. అప్పట్లో పౌనుకు 240 పెన్నీలు కాబట్టి ఒక్క పౌనుతో 40 వారాలు కొనుక్కోవచ్చు. మొదటి సంచికతో జంట హృదయాల ఉంగరం ఉచితం. కొనబోయేది బడికెళ్లే అమ్మాయిలనీ, వాళ్ల చేతిలో ఉండేది ఇంట్లో ఇచ్చిన చిల్లరేననీ సంస్థకు ముందే తెలుసు.

అక్కణ్నుంచి 42 ఏళ్లు ముందుకు వెళ్దాం. 2006 ఫిబ్రవరిలో ‘స్మాష్ హిట్స్’ పత్రిక మూతపడింది. అదే ఏడాది జులై 30తో టాప్ ఆఫ్ ది పాప్స్ వారం వారం రావడం ఆగిపోయింది. ఆ 42 ఏళ్లలో పదమూడు, పద్నాలుగేళ్ల అమ్మాయిల కోసం సంగీత పత్రిక ఎలా ఉండాలన్నదానికి బ్రిటన్‌లో ఒక పద్ధతి స్థిరపడింది. నిండు గులాబీ రంగు, నక్షత్రాలు, ఏటవాలు అక్షరాలు, పేజీ పట్టనంత ముఖం. చూడగానే ‘పిల్లల గోల’ అని పక్కన పెట్టినవాళ్లే ఎక్కువ. స్కేలు పెట్టి కొలిస్తే సంగతి వేరుగా ఉంటుంది. అమ్మాయి ఈ పత్రికను ఎక్కడ చూస్తుంది, ఎంతకు కొంటుంది, ఇంటికి తీసుకెళ్లి ఏం చేస్తుంది అన్న మూడు ప్రశ్నలకు జవాబుగానే ఆ పేజీలోని ప్రతి అలవాటూ పుట్టింది. చదివే మనిషిని ఇంత దగ్గరగా గమనించి చేసిన పేజీలు పత్రికల చరిత్రలో చాలా తక్కువని నేను నమ్ముతాను.

ముందు అమ్మకాల సంగతి. జాకీ పత్రికపై తొలి లోతైన పరిశోధన చేసిన ఏంజెలా మెక్‌రాబీ 1978లో ఇచ్చిన లెక్క ప్రకారం, మొదట్లో వారానికి సగటున 3,50,000 ప్రతులు అమ్మేవారు. 1965లో అది 2,50,000కు పడిపోయింది. 1968కి 4,51,000కు పెరిగింది. 1976కి 6,05,947 అయింది. అంటే పదకొండేళ్లలో దాదాపు రెండున్నర రెట్లు. స్మాష్ హిట్స్‌ది ఇంకా పెద్ద కథ. ‘న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్’ సంపాదకుడిగా పనిచేసిన నిక్ లోగన్ 1978లో దాన్ని ప్రారంభించాడు. తర్వాత పక్షపత్రిక అయింది. 1980ల చివరికి సంచికకు పది లక్షల ప్రతుల స్థాయికి చేరింది. మూసేసేనాటికి మిగిలింది 1,20,000 మాత్రమే. ఎక్కడం, దిగడం రెండూ ఈ పత్రికల రూపాన్ని మార్చాయి.

ఏడు సెంటీమీటర్లు

ఎ4 పత్రిక వెడల్పు 210 మిల్లీమీటర్లు. బ్రిటన్ దుకాణాల్లో పత్రికల్ని అరల్లో ఒకదాని మీద ఒకటి కొంత కప్పేలా పేరుస్తారు. అలా పేర్చినప్పుడు ఒక్కో పత్రికకూ బయటికి కనిపించేది ఎడమవైపు మూడో వంతు, అంటే 70 మిల్లీమీటర్లు. కొనాలా వద్దా అన్నది ఆ ఏడు సెంటీమీటర్లలోనే తేలిపోవాలి. అందుకే పత్రిక పేరులోని మొదటి అక్షరాలు ఎడమ మూలన బరువుగా ఉంటాయి. ఆ వారం అందరూ వెతికే గాయకుడి పేరు ఎడమ అంచునే ఉంటుంది. ‘ఉచితం’ అన్న మాట ఉండేదీ అక్కడే. కుడివైపు ఉన్న శీర్షికలు పత్రికను చేతిలోకి తీసుకున్న తర్వాత చదవడానికి. బ్రిటన్‌లో మీడియా స్టడీస్ విద్యార్థులకు ఏళ్ల తరబడి ఇచ్చిన ఒక ప్రాజెక్టు ఉంది: సొంతంగా ఒక సంగీత పత్రికకు కవరు, విషయసూచిక, రెండు పేజీల కథనం తయారు చెయ్యాలి. వాళ్లు నేర్చుకునే మొదటి సూత్రాల్లో ఈ ఎడమ మూడో వంతు ఒకటి. మన ఊళ్లలో బడ్డీ కొట్టు ముందు తాడుకు క్లిప్పులతో పత్రికలు వేలాడదీసేవారు కాబట్టి మనవాళ్లకు కవరు పైపట్టీ ముఖ్యం. దుకాణం తీరు మారితే కవరు లెక్కా మారుతుంది.

ఇక ముఖం. మనిషి ముఖం వెడల్పు సుమారు 14 సెంటీమీటర్లు. 21 సెంటీమీటర్ల కవరులో మూడింట రెండు వంతులు ముఖానికే ఇస్తే ఫొటోలోని మనిషి నిజమైన మనిషి సైజులోకి వచ్చేస్తాడు. పైగా కళ్లు నేరుగా పాఠకురాలి వైపే చూస్తుంటాయి. పత్రికను చేతిలో పట్టుకుంటే ఆ ముఖానికీ ఆమె ముఖానికీ మధ్య జానెడు, రెండు జానల దూరం. ఎదురుగా కూర్చుని మాట్లాడే మనిషి కన్నా దగ్గర. అమ్మాయిల పత్రికల కవర్లలో దగ్గరి నుంచి తీసిన, నేరుగా చూసే ఫొటోలే ఎందుకు ఉంటాయో ఈ కొలతే చెబుతుంది.

అమెరికాలో దారి వేరు. 1958 నుంచి 1975 దాకా ‘16’ పత్రికను నడిపిన గ్లోరియా స్టేవర్స్ ఒక కవరులో ఒకే ముఖం అన్న పద్ధతి పెట్టుకోలేదు. నవ్వుతున్న తలల్ని కత్తిరించి, బొమ్మల్లా గీసిన చిన్న చిన్న శరీరాల మీద అతికించి కవరు నింపేసేది. ఖాళీల్లో శీర్షికలు. 1965లో వచ్చిన ‘టైగర్ బీట్’ కూడా ఆ గుంపు పద్ధతిలోనే నడిచింది. ఒక అమ్మాయికి ఇష్టమైనవాడు ఎవరో ముందుగా తెలియదు. ఎనిమిది తలలు పెడితే వాటిలో ఒకడైనా ఆమెవాడై ఉంటాడన్న అంచనా ఇందులో ఉంది. ఒకే ముఖం పెట్టే సంపాదకుడు ఆ పక్షానికి ఒక్కడి మీదే పందెం కాస్తున్నాడన్నమాట. నాకు బ్రిటిష్ పద్ధతే ఇష్టం. దానికి ధైర్యం కావాలి.

రంగుల మాట త్వరగా చెప్పుకుందాం. తెల్ల కాగితం మీద పసుపు అక్షరం పెడితే చదవలేం. ఎందుకో ఇప్పుడు వెబ్ పేజీలకు వాడే వెలుగు నిష్పత్తి సూత్రంతో లెక్కించవచ్చు. మామూలు అక్షరం హాయిగా చదవాలంటే కనీసం 4.5 ఉండాలంటారు. స్క్రీన్ మీద తెలుపు, పసుపుల మధ్య అది 1.07. తెలుపు, ముదురు గులాబీ (మెజెంటా)ల మధ్య 3.14. పసుపు మీద నలుపు పెడితే 19.6. అందుకే చిన్న సంగతుల్ని పసుపు పెట్టెలో నల్లని అక్షరాలతో వేస్తారు, గులాబీని లావుపాటి శీర్షికలకే ఉంచుతారు. గులాబీ అమ్మాయిల రంగు కాబట్టి అంతటా పూశారనుకునేవాళ్లు ఒక మంచి సంచికను తీసి చూడాలి. చిన్న అక్షరాలున్న చోట గులాబీ దాదాపు కనిపించదు.

పెట్టెల్ని ఏటవాలుగా పెట్టడం కూడా అలాంటిదే. 12 సెంటీమీటర్ల పెట్టెను 5 డిగ్రీలు వంచితే ఒక చివర సుమారు ఒక సెంటీమీటరు పైకి లేస్తుంది. అది చాలు, కన్ను అక్కడ ఆగుతుంది. 15 డిగ్రీలు వంచితే మూడు సెంటీమీటర్లు లేచి, చదవడానికి మెడ వంచాల్సి వస్తుంది. చేయి తిరిగిన డిజైనరు ఐదారు డిగ్రీల దగ్గరే ఆగుతాడు.

పాట అచ్చేస్తే

స్మాష్ హిట్స్ సొమ్ము చేసుకున్నది మొదట పాటల సాహిత్యాన్నే. రేడియోలో విన్న పాటలో సగం మాటలు అర్థం కాని కాలం, ఇంటర్నెట్ లేని కాలం. అంతకు ముందూ పాటల మాటలు వేసే పత్రికలు ఉన్నాయి గానీ చౌక కాగితం మీద వచ్చేవి. లోగన్ వాటిని మంచి రంగుల్లో, నిగనిగలాడే కాగితం మీదకు తెచ్చాడు. మనకు ఇది కొత్త సంగతి కాదు. సినిమా హాలు బయట పాటల పుస్తకాలు కొనుక్కుని ఇంటికొచ్చి పాడుకున్న తరాలు మన దగ్గర ఉన్నాయి.

డిజైనరుకు పాట ఒక వరం. మూడు నిమిషాల పాప్ పాటలో సుమారు 200 నుంచి 300 మాటలు ఉంటాయి. పైగా పల్లవి తిరిగి తిరిగి వస్తుంది కాబట్టి దాన్ని ఒకసారి వేస్తే చాలు. పంక్తులు పొట్టివి. ఎ4 పేజీలో ఒక సన్నని నిలువు వరుస సరిపోతుంది. మిగతా రెండు వంతుల పేజీ ఫొటోకు. అదే స్థలంలో వ్యాసం వెయ్యాలంటే మూడు వరుసలు కావాలి, ఫొటో తపాలా బిళ్లంత అయిపోతుంది. ‘పక్కన పాట, మిగతా అంతా మనిషి’ అన్న ఏర్పాటు అలా పుట్టింది. దాన్ని కత్తిరించి దాచుకుంటే పాటా దక్కుతుంది, పాడినవాడూ దక్కుతాడు.

ఈ పత్రికలో పనిచేసిన వాళ్లెవరో చూస్తే దీన్ని తేలిగ్గా తీసుకోలేం. నీల్ టెనెంట్ 1982లో చేరి 1985 దాకా స్మాష్ హిట్స్‌లో పనిచేశాడు. 1986 జనవరిలో అతని పెట్ షాప్ బాయ్స్ బృందం పాట ‘వెస్ట్ ఎండ్ గర్ల్స్’ బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. సంపాదకులుగా ఉన్న డేవిడ్ హెప్‌వర్త్, మార్క్ ఎలెన్ 1986లో పెద్దవాళ్ల సంగీత పత్రిక ‘క్యూ’ను మొదలుపెట్టారు. లోగన్ అంతకు ముందే, 1980లో ‘ది ఫేస్’ తెచ్చాడు. బ్రిటన్ పత్రికా రూపకల్పన గురించి మాట్లాడేవాళ్లెవరూ దాన్ని తలచకుండా ఉండరు. అమ్మాయిల కోసం పేజీలు పెట్టిన చేతులే ఆ దేశపు పెద్దవాళ్ల పత్రికల్ని కూడా మలిచాయి. పేరు మాత్రం పెద్దవాళ్ల పత్రికలకు దక్కింది. ఇది నాకు అన్యాయంగా తోస్తుంది.

రెండు పిన్నులు, ఒక గోడ

అసలు ఈ పత్రికల గుండె మధ్య పేజీ. పిన్నులు కొట్టే పత్రికలో కాగితాల్ని సగానికి మడిచి ఒకదాంట్లో ఒకటి పెడతారు కాబట్టి పేజీల సంఖ్య ఎప్పుడూ నాలుగుతో భాగించబడాలి. 64 పేజీల సంచిక అంటే 16 కాగితాలు. అతుకు లేకుండా రెండు పేజీలు ఒకే కాగితంగా తెరుచుకునేది ఒక్కచోటే, 32, 33 పేజీల దగ్గర. మన సినిమా పత్రికల భాషలో బ్లో-అప్. పిన్నులు విప్పితే 420 × 297 మిల్లీమీటర్ల ఎ3 పోస్టరు చేతికొస్తుంది.

ఇప్పుడు ఆ కాగితం వెనక్కి తిప్పి చూడండి. వెనక ఉండేవి 34, 31 పేజీలు, అదే వరుసలో. పత్రికలో ఉన్నంత వరకు అవి పక్కపక్కన రావు. పోస్టరు బయటికి తీయగానే పక్కపక్కన చేరతాయి. కాబట్టి సంపాదకుడు ముందే నిర్ణయించుకోవాలి. వెనక వ్యాసం వేస్తే, గోడకు అంటించాక ఆ వ్యాసం పోయినట్టే. వెనక ఇంకో గాయకుడి ఫొటో వేస్తే, ఒకే కాగితానికి రెండు వైపులా ఇద్దరు ఇష్టులు, గోడకు ఒక్కడే. 31లో మొదలైన కథనం 34లో ముగియకూడదన్నది ఈ పనిలో మొదటి పాఠం. మడత ముక్కు మీద పడకుండా ఫొటోను కొంచెం పక్కకు జరపాలి. పిన్నుల రంధ్రాలు కళ్ల దగ్గర రాకూడదు. పాఠకురాలు ఎప్పుడూ పట్టించుకోని ఈ జాగ్రత్తల వల్లే పోస్టరు పోస్టరులా ఉండేది.

దీన్ని ఇంకా సాగదీసిన పద్ధతులూ ఉన్నాయి. జాకీ పత్రిక పెద్ద పోస్టరును మూడు ముక్కలు చేసి మూడు వారాలు వేసేది. 1964 నాటి వెలలో లెక్కేస్తే మొత్తం మనిషికి 18 పెన్నీలు. జర్మనీలో 1956లో మొదలైన ‘బ్రావో’ ఇంకా దూరం వెళ్లింది. 1959లో నటి బ్రిజిట్ బార్డోతో మొదలుపెట్టి, నిలువెత్తు మనిషిని వారానికో ముక్క చొప్పున ఇచ్చింది. 175 సెంటీమీటర్ల ఎత్తు, 60 సెంటీమీటర్ల వెడల్పు అనుకుందాం. ఎ4 ముక్కలుగా కోస్తే దాదాపు 17. వారానికొకటి అంటే నాలుగు నెలలు. ఒక్క వారం కొనడం మానితే మోకాలు ఉండదు. వ్యాపారం కోసం వేసిన ఎత్తే, కాదనలేం. కానీ నాలుగు నెలలు వేచి ఉండి, జిగురు పెట్టి, అంచులు కలిపి ఒక మనిషిని గోడ మీద నిలబెట్టిన అమ్మాయి చేసింది కూడా ఒక పనే.

ఆ గోడ ఎందుకంత ముఖ్యమైంది? 1976లో మెక్‌రాబీ, జెన్నీ గార్బర్ కలిసి రాసిన వ్యాసం దీనికి జవాబిచ్చింది. అప్పటి దాకా యువత సంస్కృతి మీద పరిశోధన చేసినవాళ్లు వీధుల్ని చూశారు, వీధుల్లో ఉన్నది మగపిల్లలు. అమ్మాయిలకు రాత్రిపూట బయట తిరిగే వీలు, ఖర్చు పెట్టే డబ్బు రెండూ తక్కువ. వాళ్ల సంగీత ప్రపంచం పడకగదిలో, స్నేహితురాళ్లతో, రికార్డు ప్లేయరు పక్కన ఉందని ఆ ఇద్దరూ ఎత్తి చూపారు. అది తెలిస్తే పోస్టరు లెక్క అర్థమవుతుంది. మూడు మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల ఎత్తు ఉన్న గోడ మీద ఎ3 పోస్టర్లు విస్తీర్ణం ప్రకారం 57 పడతాయి. పక్షపత్రికలో సంచికకు ఒకటి చొప్పున ఆ గోడ నిండటానికి రెండేళ్లు దాటుతుంది. పదమూడో ఏట మొదలుపెట్టిన అమ్మాయికి గోడ నిండేసరికి పదిహేనేళ్లు. ఇల్లు తల్లిదండ్రులది, మంచం వాళ్లు కొన్నది. ఆ గదిలో ఏది ఉండాలో ఆమె నిర్ణయించుకోగలిగింది ఆ గోడ మీద మాత్రమే.

ముఖం పెద్దదైతే పోయేది

మెక్‌రాబీ జాకీని మెచ్చుకోలేదు. అమ్మాయి జీవితమంతా ఒక అబ్బాయి కోసం వేచి ఉండటమే అన్నట్టు పత్రిక నేర్పుతోందని ఆమె 1978లో విమర్శించింది. అందులో నిజం ఉంది, ఆ నిజం కూడా కొలతల్లోనే దొరుకుతుంది. పైన చెప్పిన కవరుకు మళ్లీ వెళ్దాం. 21 సెంటీమీటర్లలో 14 ముఖానికి పోతే భుజాలే పూర్తిగా పట్టవు, ఇక చేతులెక్కడ? చేతులు లేకపోతే గిటారు లేదు, డ్రమ్ములు లేవు, మైకు కూడా లేదు. అబ్బాయిలు ఎక్కువగా చదివిన రాక్ పత్రికల్లో వేదిక మీద వాయిస్తున్న మనిషి కనిపిస్తాడు. అమ్మాయిల పత్రికలో అదే మనిషి పని మానేసి ఆమెను చూస్తుంటాడు. కంటికి కన్ను కలిపే కొలతే సంగీతం ఒక పని అన్న సంగతిని కత్తిరించేసింది. వాయించడం నేర్చుకోవాలనిపించేలా ఒక్క పేజీ ఉన్నా ఎంత బాగుండేది! ఆ లోటును పాటల సాహిత్యం కొంత తీర్చింది. అది చేతిలో ఉంటే ఆమె కనీసం పాడుతుంది.

నవ్వించే ప్రశ్నలు కూడా కొంత తీర్చాయి. స్మాష్ హిట్స్ పెద్ద పెద్ద గాయకుల్ని ‘మంగళవారానిది ఏ రంగు?’ అని అడిగేది. అలాంటి ప్రశ్న ముందు అందరూ మామూలు మనుషులే. గోడ మీది దేవుడు పేజీలోకొచ్చి తికమకపడేవాడు. ఆరాధనకు అంత చక్కని విరుగుడు ఆ పత్రికలే ఇచ్చాయి.

పేజీ అమరిక ఏకంగా చరిత్రనే మార్చిన సందర్భం 1996 జులైది. బీబీసీ 1995 ఫిబ్రవరిలో తెచ్చిన ‘టాప్ ఆఫ్ ది పాప్స్’ పత్రిక అప్పుడే తొలి పాట విడుదల చేసిన స్పైస్ గర్ల్స్‌ను పరిచయం చేసింది. ఐదుగురు కొత్త అమ్మాయిలు, ఎవరు ఎవరో పాఠకులకు తెలియదు. సంపాదకుడు పీటర్ లొరైన్ బృందం మసాలా సీసాల అర బొమ్మతో ఆ పేజీ తయారుచేసి ఐదుగురికీ ఐదు ముద్దుపేర్లు పెట్టింది: పోష్, స్పోర్టీ, బేబీ, స్కేరీ, జింజర్. బొమ్మ కింద పట్టేంత చిన్న పేర్లు అవి. ప్రపంచమంతా ఇప్పటికీ ఆ ఐదుగురిని ఆ పేర్లతోనే గుర్తుపెట్టుకుంది.

ఆ తర్వాత వచ్చిన మార్పు నాకు నచ్చనిది. లిప్ గ్లాస్, గాజులు, పెన్నుల వంటి కానుకలు కవరుకు అంటించి, జారిపోకుండా పత్రిక మొత్తాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టడం మొదలైంది. ముఖం మీద కానుక కూర్చుంది. ఎడమవైపు ఏడు సెంటీమీటర్ల లెక్క చెడింది. సంచిలో ఉన్న పత్రికను దుకాణంలో తిరగేసి చూడలేరు కాబట్టి లోపలి పేజీలు కొనిపించే బాధ్యత నుంచి తప్పుకున్నాయి. పాటల సాహిత్యం ఇంటర్నెట్‌లో ఉచితం. 2005లో యూట్యూబ్ వచ్చింది. మరుసటి ఏడాదే స్మాష్ హిట్స్ ఆగిపోయింది. టాప్ ఆఫ్ ది పాప్స్ పత్రిక మాత్రం తనకు పేరిచ్చిన వారపు కార్యక్రమం పోయాక కూడా ఏళ్ల తరబడి వచ్చింది.

ముక్కలు ముక్కలుగా పోగేసే అలవాటు పోలేదు. ఇవాళ హైదరాబాదులోనో విజయవాడలోనో కొరియా పాటల ఆల్బమ్ తెప్పించుకునే అమ్మాయి అందులో వెతికేది సుమారు 55 × 85 మిల్లీమీటర్ల ఫొటోకార్డు. ఏ సభ్యుడి కార్డు వస్తుందో ముందుగా తెలియదు. జాకీ మూడు వారాల పోస్టరు వెనక ఉన్న లెక్కే ఇది.

పాత స్మాష్ హిట్స్ సంచికలు అమ్మేవాళ్లు ‘మధ్య పోస్టరు ఉంది’ అని ప్రత్యేకంగా రాసుకుంటారు. బాగా పనిచేసిన పేజీలే ముందు చిరిగిపోయాయి కాబట్టి అవే దొరకవు. మన సినిమా పత్రికల బ్లో-అప్‌లు, పాటల పుస్తకాల పరిస్థితీ ఇదే. అమ్మ పెట్టెలోనో పిన్ని అలమారలోనో అలాంటివి మిగిలి ఉంటే పాత పేపర్లతో పాటు తూకానికి వెయ్యకండి. రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయమో, వేటపాలెం సారస్వత నికేతనమో, మీ ఊరి గ్రంథాలయమో, తీసుకుంటారేమో అడగండి. ఇచ్చేటప్పుడు వాటిని ఏ సంవత్సరం కొన్నారో, ఎవరు దాచారో, ఏ గోడ మీద ఉండేవో ఒక కాగితం మీద రాసి జతపరచండి.